ఆగినవాడి తరఫున

సైకిలు మీద దూరాలు పోయొచ్చినవాళ్ళు రాసే అనుభవాలు ఈమధ్య తెలుగులో బాగానే కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ ఓ పది చదివాక పదకొండోది చదవక్కర్లేదు. తెల్లవారుజామున మూడున్నరకి అలారం మోగుతుంది. చలి. అరటిపండు. మొదటి వంద కిలోమీటర్లూ హుషారు. నూట అరవై దగ్గర పంక్చరు. రెండొందల ఇరవై దగ్గర మోకాళ్ళు మొరాయిస్తాయి, "ఇక నావల్ల కాదు" అనిపిస్తుంది. అప్పుడు లోపల్నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. అది చనిపోయిన తాతదైనా, స్కూల్లో పీటీ సారుదైనా, చెప్పేది ఒకటే మాట: అంతా మనసులోనే ఉంది. లేస్తాడు, తొక్కుతాడు, గెలుస్తాడు. చివర మెడల్‌ని పంటితో కొరుకుతున్న ఫొటో.

ఇలాంటివి నేనూ రెండు రాశాను. కాబట్టి ఈ వ్యాసంలో తిట్లు ఎవరికైనా తగిలితే మొదటి వాటా నాదే.

"అంతా మనసులోనే ఉంది" అన్న ఆ ఒక్క మాట మీదే నా గొడవ. అది నిజం కాదు. రాత్రిపూట రోడ్డు మీద అది ప్రమాదం. రాతలో అది బద్ధకం. ఈ మూడూ ఒక్కొక్కటిగా చెప్తాను. అంతకుముందు తెలియనివాళ్ళ కోసం ఈ ఆట సంగతి కొంచెం.

*

దీన్ని రాండొనీరింగ్ అంటారు. ఒక్కో రైడుని బ్రెవే అంటారు. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40 గంటలు గడువు. ఒకే సీజన్లో ఈ నాలుగూ పూర్తిచేస్తే సూపర్ రాండొనర్. దారిలో కొన్ని కంట్రోల్ పాయింట్లుంటాయి. ఒక్కోదానికీ తెరిచే వేళ, మూసే వేళ ఉంటాయి. ఆలోపల చేరి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. మన వెనక కారు రాదు, మెకానిక్ రాడు. పంక్చరైతే మనమే వేసుకోవాలి, ఆకలైతే మనమే వెతుక్కోవాలి. గడువులోపల చేరనివాళ్ళకీ, మధ్యలో దిగిపోయినవాళ్ళకీ జాబితాలో పేరు పక్కన మూడక్షరాలు పడతాయి: డీఎన్‌ఎఫ్. పూర్తి చేయలేదు అని అర్థం.

ఈ బ్రెవేలని ప్రపంచమంతటా గుర్తించి నమోదు చేసేది 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్. మన దేశంలో ఆ వ్యవహారం ఆడాక్స్ ఇండియా రాండొనర్స్ చూస్తుంది. ఈ ఆటకి కాశీ లాంటిది పారిస్-బ్రెస్ట్-పారిస్. 1200 కిలోమీటర్లు, 90 గంటలు, నాలుగేళ్ళకోసారి. 1891లో అది నిజంగా పందెమే. ఒక పారిస్ పత్రిక తన ప్రచారం కోసం పెట్టింది. షార్ల్ తెరోం అనే ఆయన నిద్ర లేకుండా 71 గంటల చిల్లరలో తొక్కి గెలిచాడు. ఆ పందెం 1951తో ఆగిపోయింది. మిగిలినది రాండొనర్ల రైడు, దాని పద్ధతి పూర్తిగా వేరు. ఇందులో మొదటి స్థానం లేదు. ముందొచ్చినవాడూ గడువుకి ఐదు నిమిషాల ముందొచ్చినవాడూ ఒకటే. ప్రైజు లేదు. మెడల్ కావాలంటే మన డబ్బుతో కొనుక్కోవాలి.

అంటే పత్రికవాడి ప్రచారం కోసం పుట్టిన వీరగాథని ఆట తనంతట తానే వదిలించుకుంది. మనం దాన్ని ఏరి తెచ్చుకుని మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాం. గెలుపు లేని ఆటలో గెలుపు కథలు రాస్తున్నాం. ఎవరి మీద గెలుపు అని అడిగితే, "నా మీద నేనే" అంటాం. వినడానికి బాగానే ఉంటుంది.

*

మొదటి సంగతి. అది నిజం కాదు.

నేను నిజామాబాద్‌లో పుట్టి పెరిగి, హైదరాబాద్‌లో కోడ్ రాసుకుని బతుకుతున్నవాణ్ణి. నా మొదటి 300 ఒక ఆగస్టులో. హైదరాబాద్ ఉత్తరపు అంచున మొదలై, 44వ నంబరు జాతీయ రహదారి మీద రామాయంపేట, కామారెడ్డి, ఇందల్వాయి దాటి, మా ఊరి పొలిమేర దాకా వచ్చి అదే దారిన వెనక్కి. ఆ రైడు నేను పూర్తి చేయలేదు. రెండోసారి అదే దారి, అదే దూరం, డిసెంబర్లో. 17 గంటల 40 నిమిషాల్లో అయిపోయింది. మొదటిసారి రాయలేదు. రెండోసారి రాశాను. అందులో "ఆగస్టులో ఓడిన మనసు డిసెంబర్లో గెలిచింది" అని ఒక వాక్యం ఉంది. ఇప్పుడు చదివితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

నిజంగా జరిగిందేమిటి? ఆగస్టు రైడుకి ముందు రాత్రి ఆఫీసులో రిలీజ్ ఉంది. ఒంటిగంటకి పడుకుని మూడున్నరకి లేచాను. డిసెంబర్లో ఎనిమిది గంటలు నిద్రపోయాను. ఆగస్టులో మన దగ్గర గాలి నైరుతి నుంచి. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వైపు తిరిగితే ఆ గాలి సగం ఎదురు, సగం పక్క. డిసెంబర్లో ఈశాన్యం నుంచి, అంటే వీపు మీద చెయ్యేసి తోసినట్టు. ఇక ఎత్తు. నిజామాబాద్ సముద్రమట్టానికి 400 మీటర్ల లోపే, హైదరాబాద్ 500 పైనే. మధ్యలో ఎన్ని ఎక్కుళ్ళు, దిగుళ్ళు ఉన్నా, మొత్తం మీద వచ్చేటప్పుడు దిగుడు, పోయేటప్పుడు ఎక్కుడు. అలిసిపోయాక ఎక్కాలన్నమాట. కారులో వందసార్లు తిరిగిన దారి ఇది. సైకిలు ఎక్కేదాకా ఈ ముక్క నాకు తెలీదు.

గాలి లెక్క ఒకటి చెప్తాను, చిన్నదే. గాలి మనల్ని అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. గాలి లేనప్పుడు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. సరిగ్గా ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి లేచింది. అదే వేగంతో పోవాలంటే ఇప్పుడు మీ ఒంటికి తగిలేది 35 కిలోమీటర్ల గాలి. 35ని 20తో భాగించి వర్గం చేస్తే మూడు దాటుతుంది. అంటే గాలి అడ్డు మూడింతలు. చెట్టుకొమ్మలు కాస్త ఊగేపాటి గాలికే ఈ లెక్క. దీనికి మీ సంకల్పంతో పనేముంది?

ఇక తిండి. మన కాలేయంలో, కండరాల్లో కలిపి దాచుకోగలిగిన చక్కెర నిల్వ సుమారు అరకిలో. గట్టిగా తొక్కితే కొన్ని గంటల్లో అది అడుగంటుతుంది. అప్పుడు కాళ్ళు తిరగవు, తల తిరుగుతుంది, ఎందుకో తెలియకుండా ఏడుపొస్తుంది. మన రాతల్లో వచ్చే "రెండొందల ఇరవయ్యో కిలోమీటరు దగ్గర మనసు నన్ను వదిలేసింది" అన్న ఘట్టం చాలాసార్లు ఇదే. వదిలేసింది మనసు కాదు, చక్కెర. ఒక పెద్ద గ్లాసు చెరుకురసం తాగి పావుగంట కూర్చుంటే ఆ పారిపోయిన మనసు తిరిగొస్తుంది. చెరుకు దేశంలో పుట్టి ఇది తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

మా బోధన్‌నే భారతంలోని ఏకచక్రపురం అని మావైపు చెప్పుకుంటారు. బకాసురుడి ఊరు. భీముడు బండెడు అన్నం తోలుకుపోయి, రాక్షసుడు అరుస్తున్నా పట్టించుకోకుండా ముందు కూర్చుని తిన్నాడు. తర్వాతే లేచి కొట్టాడు. అంతటి భీముడు కూడా అంతా మనసులోనే ఉంది అనుకోలేదు.

"నీ ఒక్కడి అనుభవంతో సిద్ధాంతం చేస్తావా?" అనొచ్చు. సరే, పెద్ద ఉదాహరణే తీసుకుందాం. 2019 పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళలో చాలామంది పూర్తి చేయలేకపోయారు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ అదే ఏడాది 200, 300, 400, 600 పూర్తిచేసినవాళ్ళు. అలా చేయనిదే అక్కడ అడుగు పెట్టనివ్వరు. 600 కిలోమీటర్లు 40 గంటల్లో తొక్కినవాళ్ళకి మనసు బలం లేదా? అక్కడ 10,000 మీటర్లకు పైగా ఎక్కుడుంది, బ్రెస్ట్ వైపు ఎదురుగాలి ఉంది, మన ఎండలకి అలవాటుపడ్డ ఒళ్ళు ఎరగని చలిరాత్రులున్నాయి. ఈ మూడూ పక్కనబెట్టి "మెంటల్‌గా ప్రిపేర్ కాలేదు" అని తేల్చేయడం సులువు. సులువు కాబట్టే అంటారు.

మనసు అక్కర్లేదని కాదు. ఉదయం మూడున్నరకి దుప్పటి తీసేది మనసే. కానీ గాలి, ఎత్తు, నిద్ర, తిండి, ఆఫీసులో సెలవు, ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషి, లక్ష రూపాయల సైకిలు, ఇవన్నీ కలిసొచ్చినప్పుడు చివర్న మనసు సంతకం పెడుతుంది. మనం మాత్రం ఆ సంతకాన్నే చూపించి మిగతా కాగితం చించేస్తున్నాం.

*

రెండో సంగతి. అది ప్రమాదం.

ఆగస్టు రైడుకి వస్తాను. రాత్రి తొమ్మిది నలభై. రామాయంపేట దగ్గర ఉన్నాను. ఇంకా 58 కిలోమీటర్లుంది, 4 గంటల 20 నిమిషాలుంది. సరిగ్గా తొక్కితే అయిపోయే లెక్కే. వాన వెలిసి రోడ్డు మెరుస్తోంది. నేను రోడ్డు అంచు తెల్ల గీత మీద దృష్టి పెట్టి పోతున్నాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది లారీ హారన్. కళ్ళు తెరిచేసరికి తెల్ల గీత నా ఎడమవైపు ఒక బారెడు దూరాన ఉంది. అంటే నేను రోడ్డు మధ్యలోకి వచ్చేశాను. కళ్ళు తెరిచేసరికి అన్నాను, గమనించండి. కళ్ళు మూసిన సంగతి నాకు తెలీదు. రెండు సెకన్లో, నాలుగో. 20 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే 22 మీటర్లు. ఒక లారీ పొడవు కంటే ఎక్కువ దూరం నేను నిద్రలో తొక్కాను.

పక్కనున్న ధాబా దగ్గర దిగాను. చేతులు వణుకుతున్నాయి. నులకమంచం మీద కూర్చుని రైడు నడిపేవాళ్ళకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పాను. మంచి పని చేశావన్నారు. వాళ్ళ తప్పేం లేదు. గొడవంతా పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో మొదలైంది. "58 కిలోమీటర్లే కదన్నా!" "ఇంకొంచెం పుష్ చేసుంటే..." "బాడీ ఎప్పుడూ అబద్ధం చెప్తుంది బ్రో, మైండ్‌ని గెలవాలి." అన్నీ ప్రేమతో పెట్టినవే. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళలో ఒకడికైనా "లారీ ఎంత దూరంలో ఉండింది?" అని అడగాలని తోచలేదు. నేనూ వాళ్ళకి చెప్పలేదు. సిగ్గేసింది. చచ్చిపోబోయి బతికి బయటపడ్డందుకు కాదు, పూర్తి చేయనందుకు సిగ్గు. ఆ సిగ్గు ఎక్కడిదో ఆలోచిస్తే, మేమంతా రాసుకున్న, చదువుకున్న ఆ గెలుపు కథలదే అని తేలింది.

శరీరం అబద్ధం చెప్తుందట. నొప్పి విషయంలో అప్పుడప్పుడు చెప్తుందేమో, ఒప్పుకుంటాను. పిర్రలు మంటపుడితే, అరచేతుల్లో తిమ్మిరెక్కితే, బద్ధకంతో కాళ్ళు బరువెక్కితే కాసేపు తొక్కి చూడొచ్చు. కానీ నిద్ర అబద్ధం చెప్పదు. నిద్రని మనసుతో గెలవడం కుదరదు, ఎందుకంటే నిద్రలో ముందు పోయేదే మనసు. కాపలావాడే నిద్రపోయాక కాపలావాడి పట్టుదల గురించి మాట్లాడి లాభమేంటి?

చెరుకు సీజన్లో బోధన్ నుంచి బాన్సువాడ దారిలో చీకటిపడ్డాక తొక్కినవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. ట్రాక్టరు ట్రాలీ నిండా చెరుకు కట్టుకుని పోతుంటారు. వెనక లైటు ఉండదు, ఉన్నా వేలాడే ఆకుల మాటున కనపడదు. దూరం నుంచి చూస్తే రోడ్డు మీద చీకటి కాస్త చిక్కబడినట్టు ఉంటుంది, అంతే. పూర్తి మెలకువలో ఉన్నవాడికే అది ట్రాలీ అని తెలిసేసరికి బ్రేకు పట్టే సమయం వస్తుంది. పద్దెనిమిది గంటలు మెలకువగా ఉండి, చక్కెర అయిపోయి, చెవిలో "నెవర్ గివప్" పాట పెట్టుకుని పోయేవాడి సంగతి మీరే ఊహించుకోండి.

ఇది చదివే కుర్రాళ్ళలో ఎవరో ఒకరు వచ్చే నెల మొదటి 300కి పోతారు. ముందు రోజు రాత్రి నాలుగు రైడు కథలు చదువుకుని పోతారు. వాళ్ళు చదివేవాటిలో ఒక్కటైనా "నాకు నిద్రొచ్చింది, ఆగాను, పడుకున్నాను, గడువు దాటిపోయింది, ఇంటికొచ్చేశాను" అన్నది ఉండాలి. అది లేకపోతే తప్పు మనది.

*

మూడో సంగతి. అది చెడ్డ రాత.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. హైదరాబాద్ మీదుగా నాగపూర్ దారి పట్టాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివినవాళ్ళకి గుర్తుంటుంది, మజిలీ మజిలీకీ ఆయన రాసేదేమిటో. నీళ్ళు ఎక్కడున్నాయి, దిగడానికి చోటుందా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, దారి రాళ్ళదా, ఇసుకదా, ఏరు ఎలా దాటాలి. తన వెనక రాబోయేవాడి కోసం రాశాడాయన. దాదాపు రెండొందల ఏళ్ళ తర్వాత కూడా ఆ పుస్తకం నిలబడడానికి అదొక కారణం.

మన రైడు కథల్లో ఉండేదేమిటి? గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, సగటు వేగమెంత, వాచీ ఏ కంపెనీది. కామారెడ్డి దాటాక రాత్రి పదకొండుకి నీళ్ళెక్కడ దొరుకుతాయో ఒక్కడూ రాయడు. రోడ్డు అంచు ఎక్కడ చెడిపోయిందో రాయడు. ఆడవాళ్ళు రాత్రిపూట అవసరానికి ఎక్కడ ఆగగలరో రాయడు. మగవాళ్ళం కదా, చెట్టు చాలు. ఆడ రైడర్లు దీనికోసం నీళ్ళు తాగడం తగ్గిస్తారని నాతో తొక్కే స్నేహితురాలొకరు చెప్పేదాకా నాకు తట్టనే లేదు. నీళ్ళు తగ్గిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆమె ఎక్కడైనా ఆగిపోతే జాబితాలో పడేది అదే మూడక్షరాలు. అక్కడ ఓడింది మనసా, హైవే మీద లేని మరుగుదొడ్డా?

ఇంకా పెద్ద లోపముంది. ఈ కథల్లో దారి ఉండదు. రోడ్డు పక్క మనుషులు చప్పట్లు కొట్టడానికో, చాయ్ ఇచ్చి "శభాష్" అనడానికో మాత్రమే వస్తారు. నేను ప్రాక్టీసుకి పోయే చక్రం ఒకటుంది: నిజామాబాద్, బోధన్, బాన్సువాడ, నిజాంసాగర్, ఎల్లారెడ్డి, కామారెడ్డి, డిచ్‌పల్లి, మళ్ళీ నిజామాబాద్. కాస్త అటూ ఇటూ తిరిగితే 200 నిండుతుంది. ఈ చక్రంలోని ఊళ్ళన్నీ ఒకదానికొకటి అల్లుకున్నవే. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి నిజాంసాగర్ కట్టారు. కాలువ నీళ్ళొచ్చాయి. నీళ్ళతో చెరుకొచ్చింది. చెరుకుతో 1930ల చివర్లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబర్లో మూతపడింది. ఇప్పుడా కాలువ కింద ఎక్కువగా కనపడేది వరి. మిగిలిన చెరుకు ట్రాలీలెక్కి వేరే ఫ్యాక్టరీలకి పోతుంది. మీరు రాత్రిపూట వెనకనుంచి గుద్దబోయే ఆ ట్రాలీ రోడ్డు మీద అంత దూరం ఎందుకు పోతోందో తెలుసుకోవడం కూడా రైడులో భాగమే అని నా అభిప్రాయం.

అదే శక్కర్‌నగర్ గోడ పక్కనుంచి తొక్కిన రైడు గురించి నేను రాసిన రెండో వ్యాసంలో "58వ కిలోమీటరు, కేడెన్స్ 82" అని ఉంది. ఫ్యాక్టరీ లేదు.

*

మా పెద్దబాపు ఆ ఫ్యాక్టరీలో సీజన్ పని చేసేవాడు. ఊరి నుంచి 14 కిలోమీటర్లు. పోను రాను 28. కోసిన చెరుకు ఆగదు, రసంలో చక్కెర పడిపోతుంది. అందుకే గానుగ సీజన్లో ఫ్యాక్టరీ రాత్రీ పగలూ నడిచేది. పొద్దటి షిఫ్టు, పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు. సైరన్ ఎవరికోసమూ ఆగదు. ఐదు నెలల సీజన్‌కి 150 రోజులు వేసుకోండి, 4,200 కిలోమీటర్లు. అలా ఇరవై సీజన్లు. 84,000 కిలోమీటర్లు. భూమి చుట్టూ రెండుసార్లు. గేర్లు లేని నల్ల సైకిలు మీద, వెనక క్యారియరుకి టిఫిను కట్టుకుని.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాన్నీ తప్పించాలి. ఈ లెక్క చెప్పగానే చాలామంది "చూశారా, అసలైన సైక్లిస్టులు వాళ్ళు, లైక్రా బట్టలేసుకున్న ఈ ఐటీవాళ్ళదంతా వేషం" అంటారు. అది కూడా గెలుపు కథే, హీరో మారాడంతే. పెద్దబాపుకి సైకిలంటే ప్రేమేం లేదు. చేతిలో నాలుగు డబ్బులు పడగానే సెకండ్‌హ్యాండ్ మోపెడ్ కొన్నాడు. ఆ తర్వాత జన్మలో సైకిలెక్కలేదు. ఎక్కమంటే తిట్టేవాడు. ఆయన 84,000 కిలోమీటర్లలో వీరత్వం వెతికితే ఆయన్ని అవమానించినట్టే. దారిలో కాళ్ళు పీకినా, వాన కొట్టినా, నిద్రొచ్చినా ఆయన ఆగలేదు. పట్టుదల ఎక్కువై కాదు. ఆగే వీలు లేక.

చిన్నప్పుడు మా ఊరి బడి గ్రౌండులో ఇంకొకాయన్ని చూశాను. మా తరంవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నాన్‌స్టాప్‌గా ఐదు రోజులు, ఏడు రోజులు సైకిలు తొక్కేవాళ్ళు ఊళ్ళ మీదికొచ్చేవాళ్ళు. గ్రౌండు మధ్యలో కర్ర పాతి మైకు కట్టి, దాని చుట్టూ గుండ్రంగా తొక్కేవాడు. సైకిలు మీదే తిండి, సైకిలు మీదే స్నానం. సాయంత్రం పాటలు. జనం రూపాయి నోట్లు పిన్నీసుతో చొక్కాకి గుచ్చేవాళ్ళు. రాత్రిపూట ఎవరూ లేనప్పుడు దిగుతాడా, దిగడా అని మేం పిల్లలం పందేలు కాసుకునేవాళ్ళం. దిగాడని రుజువు చేయడానికి ఒక రాత్రి బడి అరుగు మీద కాపు కాశాం కూడా. నిద్రాపుకోలేక మేమే ఓడిపోయాం. ఇప్పుడు తల్చుకుంటే అనిపిస్తుంది, దిగి ఉంటే బాగుండు, కాసేపు పడుకుని ఉంటే బాగుండు అని. ఆ చొక్కా మీది నోట్ల కోసం అంతమంది ఎదుట ఆగకుండా తిరగాల్సిన అవసరం ఆ మనిషిది. మేమేమో దాన్ని ఆట అనుకున్నాం.

పెద్దబాపుకీ, ఆ గ్రౌండులో మనిషికీ లేనిది నాకు ఒకటుంది. నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగగలను. ఆగితే నా జీతం పోదు, నా ఇంట్లో పొయ్యి ఆరదు. నా ఆటలో అన్నిటికంటే విలువైనది ఇదే. దీన్ని వాడుకోకపోవడమే గొప్ప అని రాసుకుంటున్నాం మనం. ఆగే స్వేచ్ఛ ఉండీ ఆగనివాడు, ఆగే వీలు లేనివాడి వేషం కట్టి ఫొటో దిగుతున్నట్టు ఉంటుంది నాకు.

*

"అయితే కష్టం రాగానే దిగిపొమ్మంటావా?" అని అడుగుతారు. లేదు. ఎక్కుళ్ళూ దిగుళ్ళూ లేని రైడు ఎవరిక్కావాలి? సదాశివనగర్ దాటాక అడవిలో తెల్లారేటప్పుడు వచ్చే వాసన కోసం, నిజాంసాగర్ దగ్గర నీళ్ళ మీద పడే మొదటి ఎండ కోసం, రెండు గంటలు అందరినీ తిట్టుకుంటూ తొక్కిన తర్వాత ఉన్నట్టుండి కాళ్ళు తేలికపడే ఆ పది నిమిషాల కోసం నేనింకా పోతూనే ఉన్నాను. నొప్పిని ఓర్చుకోవడంలో సుఖముంది, కాదనను. నేను చెప్పేది ఒకటే. నొప్పికీ ప్రమాదానికీ తేడా తెలుసుకోవడమే ఈ ఆటలో అసలు విద్య. ఆ విద్య వచ్చినవాడికి కొన్నిసార్లు మెడల్ వస్తుంది, కొన్నిసార్లు డీఎన్‌ఎఫ్ వస్తుంది. రెండూ ఒకే విద్యకి వచ్చిన మార్కులు. మన రాతలు ఒకదాన్నే చూపిస్తున్నాయి.

అందుకే రాసేవాళ్ళని అడుగుతున్నాను. ఆగిన రైడు గురించి కూడా రాయండి. ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో, ఎవరు మంచమిచ్చారో, ఇంటికెలా చేరారో రాయండి. గాలి ఎటునుంచి వచ్చిందో రాయండి. ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో రాయండి. నీళ్ళెక్కడున్నాయో రాయండి. పూర్తిచేసిన రైడు గురించి రాసినా, మీ మనసు ఖాతాలో అన్నీ వేసుకోకుండా, గాలికి రావాల్సింది గాలికి, మీరు లేనప్పుడు పిల్లల్ని చూసుకున్నవాళ్ళకి రావాల్సింది వాళ్ళకి ఇచ్చి రాయండి. పదకొండోది కూడా చదువుతాం.

డిసెంబర్ రైడుకి ముందు ఊరికి పోయినప్పుడు పెద్దబాపు నా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. టైరు నొక్కి చూశాడు. సీటు చూసి నవ్వాడు.

"ఎంత దూరం వోతవ్‌రా?"

"మూడొందల కిలోమీటర్లు పెద్దబాపు."

"పైసలేమన్న ఇస్తరా?"

"లేదు, మనమే కట్టాలె."

కాసేపు ఏమీ అనలేదు. బీడీ వెలిగించుకున్నాడు.

"మరి నడుమల ఆగితే ఎవలన్న ఏమన్న అంటరా?"

ఎవరూ ఏమీ అనరు అని చెప్పబోయి ఆగిపోయాను. గ్రూపులో మెసేజీలు గుర్తొచ్చాయి. చివరికి, "ఎవ్వలు ఏమనరు" అన్నాను.

"గట్లయితె మంచిదే," అన్నాడు. "నిద్రొస్తె ఆగు బిడ్డా. నాకు ఆగరాకపోయె."